మందు మీద నమ్మకం ఉంది, నడిపేవాళ్ల మీదే లేదు. ఏం చేయాలి?

ప్రశ్న

డాలస్ దగ్గర ఉంటున్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి రాసిన ఉత్తరం ఇది. తన పేరు, కంపెనీ పేరు బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

రాజమండ్రిలో ఉండే వాళ్ల అక్కగారి అబ్బాయికి చిన్నప్పటి నుంచి ఫిట్స్. డాక్టర్లు మందులు మారుస్తూనే ఉన్నారు, పూర్తిగా తగ్గలేదు. గంజాయి మొక్కలో ఉండే కానబిడయాల్‌తో తయారైన ఎపిడియోలెక్స్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చిందని చదివినప్పటి నుంచి ఈయనకు కానబినాయిడ్ మందుల (గంజాయిలో ఉండేలాంటి రసాయనాలతో చేసే మందుల) మీద ఆసక్తి మొదలైంది. 2021లో, అలాంటి మందు మీదే పనిచేస్తున్న ఒక చిన్న అమెరికన్ కంపెనీ షేర్లు కొన్నారు. అమెరికా షేర్ మార్కెట్ నాస్‌డాక్‌లో లిస్టయిన కంపెనీయే. ధర పడ్డప్పుడల్లా ఇంకొన్ని కొని ‘యావరేజ్’ చేస్తూ మొత్తం 41 వేల డాలర్లు పెట్టారు. ఇవాళ వాటి విలువ 9 వేలు. భార్యకు తెలిసిన లెక్క 15 వేలే.

ధర పడిపోవడం కంటే వేరే బాధ ఎక్కువగా ఉందంటున్నారు. మందును రోగుల మీద పరీక్షించే ట్రయల్ ఫలితాలు ఏడాది చివరికల్లా వస్తాయన్నారు. తర్వాత వచ్చే ఏడాది మొదటి సగంలో అన్నారు. ఆ తర్వాత మళ్లీ వాయిదా. ఈలోగా ఫైనాన్స్ చీఫ్ రాజీనామా చేశారు, కొద్ది వారాలకే మెడికల్ చీఫ్ కూడా వెళ్లిపోయారు. అదే ఏడాది సీఈఓకు బోనస్ ఇచ్చారు. తక్కువ ధరకు కొత్త షేర్లు, వాటితో పాటు వారంట్లు (తర్వాత నిర్ణీత ధరకు షేర్లు కొనుక్కునే హక్కులు) అమ్మి డబ్బు తెచ్చారు. ఇప్పుడు వార్షిక సమావేశం నోటీసు వచ్చింది. రివర్స్ స్ప్లిట్‌కూ (కొన్ని షేర్లను కలిపి ఒకటిగా చేయడానికి), ఉద్యోగులకు షేర్లు ఇచ్చే స్టాక్ ప్లాన్ పెంచడానికీ ఓటు వేయమంటున్నారు. ఇన్వెస్టర్ రిలేషన్స్‌కు మెయిల్ పెడితే మర్యాదగా జవాబిచ్చారు గానీ, అందులో విషయం ఏమీ లేదు.

“ఈ మనిషి మమ్మల్ని మోసం చేస్తున్నాడా, లేక ఈ వ్యాపారమే ఇంతా? అమ్మేయాలా, ఉంచాలా? వీటన్నిటికంటే పెద్ద టెన్షన్ ఇంకొకటుంది. నా మాట మీద బావగారు కూడా 5 లక్షల రూపాయలు పెట్టారు. వాళ్ల పిల్లాడి జబ్బు పేరు చెప్పి వాళ్ల డబ్బే పోగొట్టానేమోనని నిద్ర పట్టడం లేదు. ఫోన్ చేస్తే ‘నువ్వు చెప్పేదాకా అమ్మనులే’ అంటారు. ఆయనకు ఏం చెప్పను?”

సమాధానం

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడు వేర్వేరు ప్రశ్నలు అందులో పెనవేసుకుపోయాయి. ఆ మందు పనిచేస్తుందా? నడిపేవాళ్లు నమ్మదగినవాళ్లేనా? మీ డబ్బు అక్కడ ఉండాలా? మీరు మొదటిదానికి మనసులో ‘అవును’ అని ఎప్పుడో జవాబు చెప్పుకున్నారు. అందుకే ఫలితం రాకపోయేసరికి తప్పంతా మనుషులదే అయి ఉంటుందని అనిపిస్తోంది. నిజంగా వాళ్లదే కావచ్చు. కాకపోనూవచ్చు. అది షేరు ధర చూసి తేల్చే విషయం మాత్రం కాదు. నిజాయితీగా ఓడిపోయిన కంపెనీ గ్రాఫ్, మోసం చేసి మునిగిన కంపెనీ గ్రాఫ్ పక్కపక్కన పెడితే ఏది ఏదో మీరూ నేనూ చెప్పలేం.

ఈ రంగంలో నిజంగా జరిగినవి కొన్ని చూడండి.

ఎపిడియోలెక్స్ తయారుచేసిన జీడబ్ల్యూ ఫార్మాస్యూటికల్స్ 1998లో ఇంగ్లండ్‌లో మొదలైంది. వాళ్ల మొదటి మందు శాటివెక్స్ 2015లో క్యాన్సర్ నొప్పి మీద చేసిన పెద్ద ట్రయల్స్‌లో ఓడిపోయింది. ఆ రోజుల్లో ఆ కంపెనీ షేరు పట్టుకున్నవాళ్లకూ మీలాంటి అనుమానాలే వచ్చి ఉంటాయి. మరుసటి ఏడాది మార్చిలో డ్రావే సిండ్రోమ్ అనే తీవ్రమైన ఫిట్స్ జబ్బు మీద కానబిడయాల్ ట్రయల్ ఫలితం బాగా వచ్చింది. 2018 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి, 2021లో జాజ్ ఫార్మాస్యూటికల్స్ 720 కోట్ల డాలర్లకు కంపెనీని కొనేయడం, అన్నీ వరుసగా జరిగాయి.

ఇప్పుడు జైనెర్బా సంగతి. కానబిడయాల్‌ను చర్మానికి రాసే జెల్‌గా తయారుచేసిన పెన్సిల్వేనియా కంపెనీ. 2015లో 14 డాలర్లకు ఐపీఓ. 2020 జూన్‌లో ఫ్రజైల్ ఎక్స్ అనే జన్యు జబ్బున్న పిల్లల మీద చేసిన ట్రయల్ ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు. అయితే జన్యువులో ఒక ప్రత్యేక మార్పు పూర్తిగా ఉన్న పిల్లల్లో మెరుగు కనబడిందని చెప్పి, వాళ్ల కోసమే ఇంకో ట్రయల్ మొదలుపెట్టారు. 2023లో హార్మొనీ బయోసైన్సెస్ ఆ కంపెనీని కొన్నప్పుడు చేతికొచ్చింది షేరుకు 1.11 డాలర్లు, దాంతో పాటు మందు ముందుకు సాగితే ఇంకొంత ఇస్తామన్న హామీ. ఆ రెండో ట్రయల్ కూడా 2025 సెప్టెంబర్‌లో లక్ష్యం తప్పింది. ఇందులో దొంగతనం ఏమీ లేదు. ఐపీఓలో 14 డాలర్లు పెట్టి చివరిదాకా పట్టుకున్నవాళ్లకు మాత్రం పెట్టుబడిలో చాలా కొద్ది భాగమే తిరిగి వచ్చింది.

మసాచుసెట్స్‌లోని కార్బస్‌దీ దాదాపు ఇదే దారి. లెనబాసమ్ అనే సింథటిక్ మందు 2020 సెప్టెంబర్‌లో మూడో దశ ట్రయల్‌లో విఫలమైంది. డమ్మీ మందు తీసుకున్న రోగులు కూడా తమ పాత మందుల వల్ల బాగా మెరుగయ్యారు, అందువల్ల తేడా తేలలేదు. ఒక్క రోజులో షేరు దాదాపు ముప్పావు వంతు పడిపోయింది. తర్వాత కంపెనీ క్యాన్సర్ మందుల వైపు మళ్లింది, 2023లో 30 షేర్లను ఒకటి చేసింది.

ఇన్సిస్ థెరప్యూటిక్స్ వీటన్నిటికీ భిన్నం. అరిజోనాలో ఉండేది. డ్రోనబినాల్ అనే కానబినాయిడ్‌ను ద్రవ రూపంలో తయారుచేసి 2016లో అనుమతి తెచ్చుకుంది. కానీ డబ్బంతా వచ్చింది ఫెంటనిల్ అనే చాలా బలమైన నొప్పి మందు స్ప్రే నుంచి. దాన్ని రాయించడానికి డాక్టర్లకు లంచాలు ఇచ్చారని తేలి, అమృత్‌సర్‌లో పుట్టిన వ్యవస్థాపకుడు జాన్ కపూర్‌ను 2019 మేలో జ్యూరీ దోషిగా తేల్చింది. ఆ జూన్‌లోనే కంపెనీ దివాలాకు దరఖాస్తు పెట్టుకుంది. 2020 జనవరిలో ఆయనకు 66 నెలల జైలు శిక్ష పడింది. నాయకత్వం చెడ్డదైతే ఏమవుతుందో చెప్పే కథ ఇదే. విచిత్రం ఏమిటంటే, పతనం మొదలు కాకముందు ఇన్సిస్ అమ్మకాలు, షేరు ధర చాలాకాలం కళకళలాడాయి.

అంటే మీ సీఈఓ గురించి తెలుసుకోవాలంటే ధర పక్కన పెట్టి కాగితాలు చూడాలి. అదృష్టవశాత్తు అమెరికాలో లిస్టయిన కంపెనీ కాబట్టి కాగితాలన్నీ అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ వారి ఎడ్గర్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీరు రాసిన ఒక్కో అనుమానాన్నీ అక్కడే పరీక్షించవచ్చు. మీరు సాఫ్ట్‌వేర్ మనిషి కాబట్టి, లాగ్ చదివే ఓపిక మీకుంటుంది.

ముందు ట్రయల్ వాయిదా. క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ సైట్‌లో మీ కంపెనీ ట్రయల్ పేజీ తీస్తే ‘రికార్డ్ హిస్టరీ’ అనే ట్యాబ్ ఉంటుంది. కంపెనీ ఆ పేజీని ఎప్పుడెప్పుడు మార్చిందో, ఏం మార్చిందో తేదీలతో సహా కనబడుతుంది. రెండు వెర్షన్లు ఎంచుకుని పోల్చి చూడండి. తేదీ ఒక్కటే జరిగిందా, లేక చేర్చుకునే రోగుల సంఖ్య తగ్గించారా, ప్రధాన లక్ష్యాన్నే మార్చారా? అరుదైన జబ్బుల ట్రయల్స్‌లో రోగులు దొరకడం కష్టం. దాంతో తేదీలు జరగడం మామూలే. కానబినాయిడ్ మందుల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. నొప్పి, ప్రవర్తన లాంటివి రోగో, తల్లిదండ్రులో చెప్పే మార్కులను బట్టి కొలుస్తారు కాబట్టి డమ్మీ మందుతో కూడా బాగా మెరుగు కనిపిస్తుంది. అందువల్ల ఆలస్యం ఒక్కటే నేరం కాదు. ట్రయల్ నడుస్తుండగా లక్ష్యం మారి, ఆ సంగతి ప్రెస్ రిలీజ్‌లో చెప్పకుండా ఉంటే మాత్రం గట్టిగా పట్టించుకోవాలి. ఏ తేదీన రికార్డు మారిందో, ఆ వారం సీఈఓ ఏం మాట్లాడాడో పక్కపక్కన పెట్టి చూడండి. నా దృష్టిలో నాయకత్వానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

రెండోది డబ్బు. మూడు నెలలకోసారి వచ్చే 10-క్యూ అనే రిపోర్టులో రెండు అంకెలు చాలు: పరిశోధన ఖర్చు, ఆఫీసు-పరిపాలన ఖర్చు. ట్రయల్ జోరుగా నడుస్తున్న కంపెనీలో మొదటిదే పెద్దగా ఉండాలి. వరసగా చాలా క్వార్టర్లు ఆఫీసు ఖర్చే ఎక్కువగా ఉంటే, ఆ కంపెనీ మందు కోసం బతుకుతోందా, జీతాల కోసం బతుకుతోందా అని అడగక తప్పదు. చేతిలో నగదు ఎంతుందో, క్వార్టర్‌కు ఎంత కరుగుతోందో చూసి భాగిస్తే ఇంకెన్నాళ్లు నడుస్తుందో తెలుస్తుంది. వచ్చే 12 నెలలు నడుస్తుందా అన్నదే అనుమానం అయితే ఆ మాట రిపోర్టులో రాయాల్సిందే. ‘గోయింగ్ కన్సర్న్’ అని వెతకండి. ఆ మాట ఉందంటే ఫలితం రాకముందే ఇంకోసారి షేర్లు అమ్ముతారనే లెక్కలో ఉండండి.

సీఈఓ షేర్లు అమ్ముకుంటున్నాడేమోనని చాలామంది ఫారం 4 చూసి భయపడిపోతారు. ఆఫీసర్లు తమ షేర్లలో లావాదేవీ చేస్తే రెండు పనిదినాల్లో దాఖలు చేసే కాగితం అది. అందులో లావాదేవీ పక్కన ఒక అక్షరం ఉంటుంది. ‘ఎఫ్’ అని ఉంటే కంపెనీ ఇచ్చిన షేర్ల మీద పన్ను కోసం కొన్ని మినహాయించుకున్నారని అర్థం, ఆయన మార్కెట్‌లో అమ్మినట్టు కాదు. ‘ఏ’ అంటే కంపెనీ ఇచ్చినవి. ‘ఎస్’ అమ్మకం. ‘పీ’ అంటే మనందరిలాగే జేబులోంచి డబ్బు తీసి కొన్నవి. సీఈఓ పేరు మీద ఎన్ని ‘పీ’లు ఉన్నాయో చూడండి. ధర ఇంత పడినా, ఫలితం బాగుంటుందని నోటితో చెబుతూ ఉన్నా, ఇన్నేళ్లలో ఒక్క ‘పీ’ కూడా లేకపోతే అది నేరం కాదు గానీ, అదీ ఒక సమాచారమే.

ఇద్దరు ఆఫీసర్లు వెళ్లిపోవడం నన్ను కూడా ఆలోచనలో పడేసింది. చిన్న కంపెనీల్లో మనుషులు మారుతూ ఉంటారు, ఫైనాన్స్ చీఫ్ ఒక్కరే వెళ్తే నేను పెద్దగా పట్టించుకోను. ట్రయల్ మధ్యలో మెడికల్ చీఫ్ కూడా వెళ్లడం మాత్రం చిన్న విషయం కాదు. ట్రయల్ లోపల ఏం జరుగుతోందో, ఎక్కడ ఇబ్బందులున్నాయో అందరికంటే ముందు తెలిసేది ఆ కుర్చీలో ఉన్నవాళ్లకే. వెంటనే ఆ స్థానంలో ఎవరిని పెట్టారు? పర్మనెంట్‌గానా, తాత్కాలికంగానా? ఆడిటర్లను మార్చారా, రిపోర్టు గడువు దాటించారా అన్నది కూడా చూడండి. ఫైనాన్స్ చీఫ్ నిష్క్రమణ, ఆడిటర్ మార్పు, ఆలస్యమైన రిపోర్టు, ఈ మూడూ కొన్ని నెలల తేడాలో కలిసి వచ్చాయంటే నేనైతే వివరణ కోసం కూడా ఎదురుచూడను.

బోనస్ విషయం ప్రాక్సీ స్టేట్‌మెంట్‌లో ఉంటుంది, మీకు ఇప్పుడు వచ్చిన నోటీసు అదే. దేనికి బోనస్ ఇచ్చారో చదవండి. రోగులను చేర్చుకున్నందుకా, డబ్బు సేకరించినందుకా? షేర్లు అమ్మి డబ్బు తెచ్చినందుకే బోనస్ ఇచ్చారంటే, మీ వాటా పలచబడినందుకు ఆయనకు బహుమతి ముట్టిందన్నమాట. కొన్ని చిన్న కంపెనీలు ఇంత వివరంగా రాయవు, రాయకుండా ఉండేందుకు నిబంధనలు వాళ్లకు వెసులుబాటు ఇస్తాయి. అలా రాయలేదని తేలితే, ఆ ప్రశ్నే సమావేశంలో అడగాలి. సీఈఓయే బోర్డు చైర్మన్ కూడానా, డైరెక్టర్లు ఏటా ఎన్నికవుతారా లేక మూడేళ్లకోసారా అన్నది కూడా అదే పుస్తకంలో ఉంటుంది.

మీ మెయిల్‌కు ఏమీ చెప్పని జవాబు రావడం మటుకు నేను తప్పుగా లెక్కించను. ముఖ్యమైన సమాచారం ఒక్కరికి చెప్పి మిగతావాళ్లకు చెప్పకపోవడాన్ని 2000 నుంచి ఎస్ఈసీ నిబంధన ఒప్పుకోదు. ఫలితం ఎప్పుడు అని మీరు అడిగితే వాళ్లు నీళ్లు నమలక తప్పదు. దానికి బదులు ఇప్పటికే బయటపెట్టిన విషయాల మీద అడగండి: ఫలానా తేదీన రోగుల సంఖ్య ఎందుకు తగ్గించారు, ఆ మార్పు ఏ ప్రకటనలో చెప్పారు, అని. దీనికి జవాబు చెప్పడానికి వాళ్లకు ఏ అడ్డంకీ లేదు. అప్పుడు కూడా దాటవేస్తే దాన్ని గుర్తుపెట్టుకోండి.

ఇక డబ్బు. ఇక్కడ మీ ముందు నాలుగు దారులు కనబడుతున్నాయి. ఏది ఎంచుకున్నా కొంత పోగొట్టుకోక తప్పదు.

మొత్తం అమ్మేయవచ్చు. 41 వేలలో 32 వేలు నష్టంగా తేలతాయి. రిటైర్మెంట్ ఖాతాలో కాకుండా మామూలు ఖాతాలో కొన్నారనుకుంటే, వేరే షేర్ల లాభం ఉంటే ఆ నష్టాన్ని దాంతో పూర్తిగా సర్దుకోవచ్చు. లాభాలేవీ లేకపోతే జీతం మీద ఏడాదికి 3 వేల డాలర్లే తగ్గించుకోవచ్చు, మిగతాది తర్వాతి ఏళ్లకు జరుగుతుంది. అమ్మిన తేదీకి ముందూ వెనకా 30 రోజుల్లో మళ్లీ అవే షేర్లు కొంటే, మీ భార్య ఖాతాలో కొన్నా సరే, ఆ నష్టాన్ని అప్పటికి చూపించుకోలేరు. ఈ దారిలో వచ్చే కష్టం ఒకటే. మీరు అమ్మాక ఫలితం బాగా వచ్చిందనుకోండి, దాన్ని తట్టుకోగలరా?

రెండో దారి, కొంత ఉంచుకోవడం. సున్నా అయిపోయినా ఇంట్లో గొడవ రానంత, నిద్ర పాడవనంత ఉంచి మిగతాది అమ్మేయడం. ఆ మొత్తం ఎంతో మీ భార్యతో కూర్చుని తేల్చండి. 15 వేలు, 41 వేలు అన్న తేడా మీ మధ్య ఉన్నంతవరకు ఈ లెక్క వేయలేరు. ముందు ఆవిడకు అసలు అంకె చెప్పండి. ఆవిడకు కోపం వస్తుంది, న్యాయమే. కానీ ఫలితం వచ్చిన రోజు ఫోన్‌లో ఎర్ర అంకె చూసి తెలియడం కంటే మీ నోటితో తెలియడం వేరు.

మూడోది, ఫలితం దాకా ఉంచడం. ఇది ఎంచుకుంటే ఇప్పుడే ఒక కాగితం మీద షరతులు రాయండి. ట్రయల్ లక్ష్యం మారితే అమ్ముతాను. గోయింగ్ కన్సర్న్ మాట వస్తే అమ్ముతాను. మళ్లీ తేదీ జరిగితే అమ్ముతాను. రాసి మీ భార్యకు ఇవ్వండి. లేకపోతే షరతు వచ్చిన రోజు మీరే దానికో సమర్థన వెతుక్కుంటారు. ప్రధాన లక్ష్యం తప్పి, ‘ఫలానా ఉపవర్గంలో మాత్రం మెరుగు కనబడింది’ అన్న ప్రకటన వస్తే జైనెర్బా సంగతి గుర్తు చేసుకోండి. ఉపవర్గం మాట ఎప్పుడూ అబద్ధమని అనను. కానీ దాన్ని రుజువు చేయడానికి ఇంకో ట్రయల్ కావాలి, ఇంకొన్నేళ్లు కావాలి, ఆ ట్రయల్ డబ్బు మళ్లీ మీలాంటివాళ్ల వాటా కరిగించే వస్తుంది. ఏ దారి పట్టినా ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఇక యావరేజ్ చేయొద్దు. మీరు మొదట కొన్న డబ్బు మందు మీద నమ్మకంతో పెట్టారు. తర్వాత పెట్టిందంతా మొదటి నష్టాన్ని పూడ్చుకోవడానికే పెట్టారు.

నాలుగో దారి పోరాటం. మీ వాటా చిన్నదే, కానీ హక్కులున్నాయి. ప్రాక్సీ పుస్తకంలో బోర్డుకు ఉత్తరం రాసే చిరునామా ఉంటుంది. సీఈఓకు కాకుండా ఆడిట్ కమిటీ అధ్యక్షులకు రాయండి. తేదీలు, రికార్డు మార్పులు, మీ ప్రశ్న, ఒక్క పేజీలో. ఎక్కడా తిట్టొద్దు. కంపెనీ అబద్ధం చెప్పిందని చూపించే ఆధారం దొరికితే ఎస్ఈసీకి ఫిర్యాదు చేయడానికి వాళ్ల సైట్‌లోనే ఫారం ఉంది. ధర భారీగా పడ్డాక లా సంస్థలు ‘నష్టపోయిన ఇన్వెస్టర్లు 60 రోజుల్లో సంప్రదించండి’ అని ప్రకటనలు ఇస్తాయి. ఆ గడువు కేసుకు ముందుండి నడిపేవాళ్ల కోసం. మామూలు ఇన్వెస్టర్ ఏమీ చేయకపోయినా ఆ వర్గంలో భాగమే, తర్వాత సెటిల్‌మెంట్ వస్తే అప్పుడు క్లెయిమ్ వేసుకోవచ్చు. కాబట్టి ఆ ప్రకటనలు చూసి కంగారు పడొద్దు. అవి వచ్చినంత మాత్రాన మోసం జరిగిందనీ అనుకోవద్దు. ఈ దారిలో నడిస్తే మీ మనసు కొంత తేలికపడుతుంది. డబ్బు తిరిగొస్తుందని ఆశ పెట్టుకుని మాత్రం నడవకండి.

బావగారి దగ్గరికి వద్దాం. ‘నువ్వు చెప్పేదాకా అమ్మను’ అన్న మాటలో ప్రేమ ఉంది, కానీ దాంతో ఆయన నిర్ణయం భారం కూడా మీ నెత్తిన పడింది. ఉంచమని చెప్పినా, అమ్మమని చెప్పినా రేపు తప్పు మీదవుతుంది. అందుకే ఆయనకు సలహా ఇవ్వకండి, సమాచారం ఇవ్వండి. ‘బావగారూ, నేను పెట్టింది 41 వేల డాలర్లు, మిగిలింది 9 వేలు. ఇద్దరు పెద్ద ఆఫీసర్లు వెళ్లిపోయారు. ఫలితం రెండుసార్లు వెనక్కి జరిగింది. నేను ఈ పని చేయబోతున్నాను. మీరు మాత్రం నా కోసం ఆగొద్దు, మీ అవసరం చూసుకుని మీరే తేల్చుకోండి’ అని తెలుగులో, ఆయనకు అర్థమయ్యేలా, అక్క కూడా వింటుండగా చెప్పండి. అక్క వినడం ముఖ్యం. ఆ 5 లక్షలు ఆవిడవి కూడా.

నష్టం మీరే భరిస్తానని చెప్పాలా అన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. చెప్పొచ్చు. అది మంచి మనసే. కానీ మీ భార్యతో మాట్లాడకుండా ఆ మాట ఇవ్వకండి. బావగారి తరఫు నుంచి చూస్తే అది ఊరటగానూ ఉండొచ్చు, ‘బావమరిది దగ్గర చేయి చాచాల్సి వచ్చింది’ అన్న చిన్నతనంగానూ ఉండొచ్చు. ఆయన స్వభావం మీకే తెలుసు. ఒకవేళ ఇవ్వాలనుకుంటే పిల్లాడి వైద్యం ఖర్చు కింద ఇస్తే అందరికీ మర్యాదగా ఉంటుంది. ఒక పని మాత్రం తప్పకుండా గుర్తు చేయండి. ఆయన ఇండియాలో ఉంటారు కాబట్టి ఈ అమెరికా షేర్లను ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపించాలి, నష్టంలో ఉన్నా సరే. అమ్మితే ఆ నష్టాన్ని 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లే వీలుంది, అయితే రిటర్న్ గడువులోపు వేయాలి. వాళ్ల ఆడిటర్‌గారితో ఒకసారి మాట్లాడమనండి.

పిల్లాడి జబ్బు పేరు చెప్పి డబ్బు పోగొట్టానని రాశారు. అలా అనుకోకండి. మీరు మోసం చేయాలని చెప్పలేదు, మీరు నమ్మిందే చెప్పారు, మీ సొంత డబ్బు అంతకు ఎన్నో రెట్లు పెట్టారు. కాకపోతే ఆ కంపెనీ షేరు కొన్నందువల్ల మీ మేనల్లుడికి మందు ఒక్క రోజు కూడా ముందు రాదు. ఆ రెండిటినీ ఇకనైనా విడదీయండి. ఎపిడియోలెక్స్ కూడా అన్ని రకాల ఫిట్స్‌కూ అనుమతి పొందిన మందు కాదు. డ్రావే, లెనాక్స్-గస్టో, ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే మూడింటికే అనుమతి ఉంది. అందుకని అబ్బాయికి ఉన్నది ఏ సిండ్రోమ్ అని డాక్టర్లు నిర్ధారించారో, జన్యు పరీక్ష చేయించారో లేదో తెలుసుకోవడం వాళ్లకు నిజంగా ఉపయోగపడే పని. అమెరికా షాపుల్లో దొరికే సీబీడీ నూనె సీసా కొని పంపే పని మాత్రం చేయకండి. అబ్బాయి వాల్‌ప్రోయేట్ వాడుతుంటే కానబిడయాల్‌తో కలిసి కాలేయం మీద ప్రభావం పడొచ్చు, క్లోబజామ్ వాడుతుంటే శరీరంలో దాని నుంచి తయారయ్యే పదార్థం రక్తంలో పెరిగి మత్తు ఎక్కువ కావచ్చు. న్యూరాలజిస్ట్ చెప్పకుండా ఏదీ వద్దు.

ఇక మీ చేతిలో ఉన్న ఓటు. రివర్స్ స్ప్లిట్ అంటే ఐదు వంద నోట్లు ఇచ్చి ఒక ఐదొందల నోటు తీసుకోవడమే, విలువ మారదు. వరసగా 30 పనిదినాలు డాలర్ కంటే తక్కువకు షేరు ముగిస్తే నాస్‌డాక్ నోటీసు ఇస్తుంది, సరిచేసుకోవడానికి మామూలుగా 180 రోజులు గడువుంటుంది. లిస్టింగ్ పోకుండా కాపాడుకోవడానికే చాలా కంపెనీలు ఇలా చేస్తాయి. కాబట్టి స్ప్లిట్ అనగానే వద్దనాల్సిన పని లేదు. అది పాస్ కాకపోతే లిస్టింగ్ పోయి, అమ్ముకోవడమే కష్టం కావచ్చు. కానీ ఆ ప్రతిపాదన కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం వెతకండి: అధీకృత షేర్ల (కంపెనీ జారీ చేయడానికి అనుమతి ఉన్న మొత్తం షేర్ల) సంఖ్య కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుందా లేదా? తగ్గదని రాసి ఉంటే, ఉన్న షేర్లు, ఉదాహరణకు, ఇరవయ్యో వంతుకు కుదించుకుపోయినా కొత్తగా అమ్ముకునేందుకు పాత పరిమితి అలాగే ఉంటుంది. అంటే స్ప్లిట్ పేరుతో కొత్త షేర్ల అమ్మకానికి బోర్డు చేతికి బోలెడంత చోటు దొరికినట్టే. దాంతో పాటే స్టాక్ ప్లాన్ పెంపు కూడా అడుగుతున్నారంటే రెండూ కలిపి లెక్కవేయండి. ఒకదానికి అవునని, ఇంకోదానికి కాదని ఓటు వేయవచ్చు. జీతాల మీద సలహా ఓటు ఉంటే అక్కడా మీ అభిప్రాయం చెప్పవచ్చు. డైరెక్టర్ల పేర్ల పక్కన ‘విత్‌హోల్డ్’ అనేది ఉంటే, జీతాల కమిటీలో ఉన్నవాళ్లెవరో చూసి ఆ పేర్ల దగ్గర వాడుకోండి.

నోటీసులో ‘రికార్డ్ డేట్’ అని ఒక తేదీ ఉంటుంది. ఆ రోజు షేర్లు మీ పేరున ఉంటే, మర్నాడే మొత్తం అమ్మేసినా ఆ సమావేశంలో ఓటు మీదే. అంటే ఓటు కోసం షేర్లు పట్టుకుని కూర్చోవాల్సిన అవసరం లేదు. మీ బ్రోకర్ పంపిన మెయిల్‌లో ఉన్న లింక్ తెరిచి, స్ప్లిట్ ప్రతిపాదన పూర్తి పాఠం చదివి, సమావేశానికి ముందే ఓటు వేసేయండి. బావగారి యాప్‌లో ఓటు వేసే వీలుందో లేదో వాళ్ల కస్టమర్ కేర్‌ను అడగమనండి.